మూగబండ పోలమ్మ

అనగా అనగా, సముద్రం ఇప్పుడున్న చోటికి ఇంకా రాని కాలం. కొండల మీద చెట్లకి లెక్కలేని కాలం. మీ ముత్తాతకి ముత్తాత ఇంకా పుట్టని కాలం. ఊఁ కొడుతూ వినండి. మీ ఊఁ ఆగిందంటే నా కథా ఆగిపోతుంది, ముందే చెబుతున్నాను.

ఆ కాలంలో సముద్రం ఒడ్డున ఒక జాతి ఉండేది. వాళ్ళు ఉప్పు పండించేవాళ్ళు. మళ్ళు కట్టి, ఉప్పునీళ్ళు పెట్టి, ఎండకి వదిలి, తెల్లటి కుప్పలు పోసేవాళ్ళు. ఒడ్డుకి దూరంగా, పొద్దు కుంకే వైపు, కొండల మీద ఇంకో జాతి ఉండేది. వాళ్ళు అడవి కొట్టి, కాల్చి, ఆ బూడిదలో చోళ్ళూ సామలూ కందులూ చల్లేవాళ్ళు. దాన్నే పోడు అంటారు.

ఒడ్డువాళ్ళు కొండవాళ్ళని ఎప్పుడూ చూడలేదు. కొండ మీద లేచే పొగ ఒక్కటే కనిపించేది. అందుకని వాళ్ళకి పొగోళ్ళు అని పేరు పెట్టుకున్నారు. కొండవాళ్ళు ఒడ్డువాళ్ళని ఎప్పుడూ చూడలేదు. పైనుంచి తెల్ల కుప్పలు మాత్రం కనిపించేవి. అందుకని వాళ్ళకి తెల్లకుప్పలోళ్ళు అని పేరు పెట్టుకున్నారు. వీళ్ళ భాష వాళ్ళకి రాదు. వాళ్ళ భాష వీళ్ళకి రాదు.

కానీ కొండ మీద ఉప్పు పుట్టదు. ఒడ్డున పసుపూ చోళ్ళూ పుట్టవు. తిండి దగ్గర ఎవరికైనా ఎదుటివాడితో పని పడుతుంది. అందుకని రెండింటికీ మధ్యన, దారి సగమయ్యే చోట, ఒక పెద్ద చదును బండ మీద మార్పిడి జరిగేది. ఒడ్డువాళ్ళు ఉప్పు తెచ్చి బండ మీద పెట్టి వెనక్కి తిరగకుండా వెళ్ళిపోవాలి. కొండవాళ్ళు వచ్చి ఉప్పు తీసుకుని, దాని చోట పసుపూ చింతపండూ చోళ్ళూ పెట్టి వెళ్ళిపోవాలి. మూడు రోజులకి ఒడ్డువాళ్ళు మళ్ళీ వచ్చి అవి తీసుకోవాలి. ఎవరూ అక్కడ ఉండకూడదు. ఎవరూ ఎవరినీ చూడకూడదు. ఆ కట్టుబాటు ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో ఎవరికీ తెలీదు. తెలీకపోయినా తప్పేవాళ్ళు కాదు.

కిందివాళ్ళకి పైవాళ్ళ మనసు తెలీదు. పైవాళ్ళకి కిందివాళ్ళ మనసు తెలీదు. మధ్యలో బండ. బండకి నోరు లేదు. అందుకే దాన్ని మూగబండ అన్నారు.

ఒడ్డు నుంచి ఆ బండకి ఉప్పు మోసింది పోలమ్మ. ఆవిడ మొగుడు తెప్ప మీద వేటకి వెళ్ళి తిరిగి రాలేదు. పిల్లల్లేరు. అన్నదమ్ముల్లేరు. బండ దగ్గర ఎప్పుడేం జరుగుతుందో తెలీదు కనక, పోతే ఏడ్చేవాళ్ళు లేని మనిషిని పంపాలని పెద్దలు అనుకున్నారు. ఆ మాట ఆవిడ ఎదుట ఎవరూ అనలేదు. ఆవిడకి ఒకరు చెప్పనక్కర్లేదు కూడా. చుట్టకుదురు నెత్తిన పెట్టుకుంది. దాని మీద ఉప్పు గంప ఎత్తుకుంది. నడిచింది. ఇరవై ఏళ్ళు నడిచింది.

మొదటి ఏడాది ఆవిడకి భయమే. బండ మీద ఉప్పు పోసి పరుగున వచ్చేసేది. రెండో ఏడాది పరుగు తగ్గింది. మూడో ఏడాది ఒక సంగతి గమనించింది. పసుపు కట్టిన ఆకు మూటలు, చింతపండు కట్టిన మూటలు, అన్నీ ఒకే చేత్తో కట్టినట్టు ఉండేవి. నారతో మూడు చుట్లు, మీద ఒక ముడి, ముడి విప్పడానికి వీలుగా ఒక కొస వదిలి. ఎత్తుకునేవాళ్ళు ఇబ్బంది పడకూడదని తలచుకుంటూ కట్టిన ముడి అది. అంటే పైనుంచి కూడా వచ్చేది ఒక్క మనిషే.

ఆ రోజు పోలమ్మ బండ మీద కూర్చుండిపోయింది.

తర్వాతి నెల ఉప్పుతో పాటు ఒక ఎండుచేప ముక్క కూడా పెట్టింది. అది మార్పిడిలో లేదు. ఆవిడ వాటాలోది. మూడు రోజులకి వెళ్తే చేప లేదు. దాని చోట వేయించిన పనసగింజలు గుప్పెడు ఉన్నాయి. ఇంకో నెల చేపకి బదులు తేనెపట్టు ముక్క ఉంది. అప్పటి నుంచి అది అలాగే సాగింది. కింద ఎవరికీ చెప్పలేదు.

మధ్యాహ్నం మడిలో ఉప్పు లాగుతూ ఆవిడ తలెత్తి కొండకేసి చూసేది. ఒకచోట సన్నగా, ఇంకోచోట లావుగా పొగలు లేచేవి. వాటిలో ఏ పొగ కింద ఆ మనిషి గంజి కాచుకుంటోందో అనుకునేది. ఆడో మగో తెలీదు. ముసలో పడుచో తెలీదు. అయినా ఇంట్లో పిలిస్తే పలికే మనిషి లేని పోలమ్మకి, ఆ పొగల్లో ఎక్కడో ఒక మనిషి ఉందన్న మాట ఒక్కటే ఇల్లులా ఉండేది. బండ దగ్గరికి వెళ్ళినప్పుడల్లా ఆ మనిషి ఎదురుగా కూర్చున్నట్టే మాట్లాడేది. ఎండ గురించి, మోకాలి నొప్పి గురించి, చేపలు పడకపోవడం గురించి చెప్పేది. చెప్పి, చెప్పి, లేచి వచ్చేది.

ఒకరోజు ఊరిపెద్ద దాలయ్య దగ్గరికి వెళ్ళింది.

"మావా, ఈసారి బండ దగ్గర ఉండి చూసి వస్తాను. ఎవులొస్తన్నారో, ఏటో."

దాలయ్య చెడ్డవాడు కాదు. ఊరి మంచే కోరేవాడు. అయినా తల అడ్డంగా ఊపాడు. "వద్దు పోలమ్మా. నువ్వక్కడ కూకుంటే వాళ్ళేటనుకుంటారో."

"మంచే అనుకుంటారేమో మావా."

"ఏమో అన్నావు గదా. ఆ ఏమో మీద నాను ఊరిని నిలబెట్టలేను."

పోలమ్మ గంప ఎత్తుకుంది. వెళ్ళింది, ఉప్పు పోసింది, వచ్చేసింది.

మా మేనత్త ఈ కథ చెప్పేటప్పుడు ఇక్కడ ఆగి తమలపాకు నములుకునేది. "ఇంక బాగున్న రోజులు అయిపోయాయి రా" అనేది. అవును, అయిపోయాయి.

ఒక ఏడాది పెద్ద తుఫాను వచ్చింది. సముద్రం లోపలికి వచ్చి ఉప్పుమళ్ళు సగం మింగేసింది. మళ్ళీ రాకుండా ఒడ్డువాళ్ళు తాటిచెట్లు నరికి, దుంగలు వరసగా పాతి, ఒడ్డు పొడుగునా గోడ కట్టారు.

కొండవాళ్ళు పైనుంచి చూశారు. అంతదూరం నుంచి వాళ్ళకి కనిపించింది ఒక నల్లటి గీత. రోజురోజుకీ పొడుగవుతున్న గీత. కొండపెద్ద సుక్రు అరచెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"గోడ కడుతున్నారు. ఇన్నాళ్ళూ లేని గోడ ఇప్పుడెందుకు?" అన్నాడు. "మన మీదికి వద్దామని మనసులో పెట్టుకున్నవాడే, మనం తిరగబడితే దాక్కోడానికి ముందు గోడ కట్టుకుంటాడు."

ఆ రోజు నుంచి కొండ మీద విల్లులు చేశారు.

రెండో ఏడాది వానలు పడలేదు. పైన నేల మాడిపోయింది. తడి ఉన్న చోటు వెతుక్కుంటూ కొండవాళ్ళు కిందికి, ఇంకా కిందికి వచ్చి పోడు కాల్చారు.

ఒడ్డువాళ్ళు చూశారు. పొగ కిందికి వస్తోంది. నెలనెలా దగ్గరవుతోంది. దాలయ్య గోడ మీదెక్కి చూశాడు. "ఇన్నాళ్ళూ పైనున్న పొగ ఇప్పుడు కిందికెందుకు వస్తంది? దారి సాపు చేసుకుంటన్నారు" అన్నాడు. ఆ రోజు నుంచి ఒడ్డున ఈటెలు చేశారు.

కొండవాళ్ళు ఎండలో తళుక్కుమన్న ఈటెలు చూశారు. ఇంకొన్ని విల్లులు చేశారు. ఒడ్డువాళ్ళు కొండ మీద వానకోసం కొట్టిన డప్పులు విన్నారు. ఇంకొన్ని ఈటెలు చేశారు. ఒకరి భయం చూసి ఇంకొకరు భయపడ్డారు. ఎవరికీ యుద్ధం అక్కర్లేదు. కానీ ఎదుటివాడికి అక్కర్లేదని ఎవరికీ తెలీదు.

కిందివాళ్ళకి పైవాళ్ళ మనసు తెలీదు. పైవాళ్ళకి కిందివాళ్ళ మనసు తెలీదు. మధ్యలో బండ. బండకి నోరు లేదు.

మూడో ఏడాది, ఒక నెల పోలమ్మ వెళ్ళేసరికి తను పోసిన ఉప్పు బండ మీద అలాగే ఉంది. చేప ముక్కకి చీమలు పట్టాయి. ఆవిడ మూడు రోజులాగి మళ్ళీ వెళ్ళింది. ఉప్పు అలాగే ఉంది. ఇంకో మూడు రోజులాగి వెళ్ళింది. మంచుకి ఉప్పు కరిగి బండ మీద తెల్లటి మరక మిగిలింది.

ఊళ్ళో అందరూ చేరారు. "వాళ్ళకి ఇంక మన ఉప్పు అక్కర్లేదు. ఎందుకక్కర్లేదు? మళ్ళన్నీ వాళ్ళవే అవుతాయని గదా" అన్నారు.

పోలమ్మ వెనక నుంచి మెల్లిగా అంది. "ఆ వచ్చే మనిషికి జొరమొచ్చిందేమో."

"నీకెలా తెలుసు?" అన్నాడు దాలయ్య.

"తెలీదు మావా."

"తెలీదు గదా. కూకో."

పోలమ్మ కూర్చుంది. అసలు జరిగింది ఏమిటో నేను మీకు చెబుతాను. పైనుంచి బండకి వచ్చే మనిషి పేరు బుద్రి. ఆవిడకీ ఎవరూ లేరు. ఆవిడనీ పోతే ఏడ్చేవాళ్ళు లేరనే పంపారు. ఆ నెల బుద్రి తేనెపట్టు కోసం కొండరాతి మీదకి ఎక్కింది. పట్టు మార్పిడికి కాదు, కింద నుంచి వచ్చే మనిషి కోసం. జారి పడింది. కాలు విరిగింది. ఆవిడ బదులు ఇంకొకరిని పంపమంటే, గోడ కట్టినవాళ్ళ దగ్గరికి ఎవరినీ పంపనన్నాడు సుక్రు.

అంతే జరిగింది. కానీ కింద ఎవరికి తెలుసు?

ఒడ్డువాళ్ళు గోడకి ఇంకా దుంగలు కావాలని ముగ్గురు మనుషుల్ని బండ దాటి పంపారు. వాళ్ళ చేతుల్లో గొడ్డళ్ళున్నాయి. కొండ కాపలావాళ్ళకి చెట్లు కొట్టేవాళ్ళు కనిపించలేదు. గొడ్డళ్ళు పట్టుకుని వస్తున్నవాళ్ళు కనిపించారు. బాణాలు వేశారు. ముగ్గురూ పోయారు. వాళ్ళలో ఒకడు దాలయ్య కొడుకు.

వారం తిరక్కుండా ఒడ్డువాళ్ళు పైకి వెళ్ళి మూడు గాదెలకి నిప్పు పెట్టారు. గాదెలో గింజలే ఉంటాయనుకున్నారు. చివరి గాదె పక్కన చాప మీద పడుకుని ఒక ముసలావిడ ఉంది. ఆవిడ సుక్రు తల్లి.

తర్వాత మూడేళ్ళు పైకి ఉప్పు వెళ్ళలేదు. కిందికి గింజ రాలేదు. కొండ మీద పిల్లలు చప్పటి అంబలి తాగలేక మొహాలు తిప్పుకున్నారు. మేకలు ఉప్పు కోసం రాళ్ళు నాకాయి. ఒడ్డున దెబ్బ తగిలితే అద్దడానికి పసుపు లేదు. చేపలు పడని రోజున పొయ్యి వెలగలేదు. రెండు వైపులా మనుషులు పోతూనే ఉన్నారు, ఒకసారి ఇద్దరు, ఒకసారి ఒకరు.

పోలమ్మకి మోయడానికి గంప లేదు. వెళ్ళడానికి బండ లేదు. రోజూ మధ్యాహ్నం మడిగట్టు మీద నిలబడి కొండకేసి చూసేది. పొగలు తగ్గిపోయాయి. ఉన్న పొగల్లో ఆ మనిషి పొగ ఉందో లేదో. మొగుడు తెప్ప మీద వెళ్ళినప్పుడు సముద్రంకేసి ఎలా చూసిందో, ఇప్పుడు కొండకేసి అలా చూసింది. "ఎవరికోసమే ఆ చూపు?" అని పక్కింటివాళ్ళు అడిగితే ఏం చెప్పాలో ఆవిడకి తెలిసేది కాదు. పేరు తెలీని మనిషి మీద బెంగ పెట్టుకున్నానని ఎలా చెబుతుంది?

ఆఖరికి దాలయ్య అందరినీ పిలిచాడు. "ఇలా ఒకళ్ళూ ఇద్దరూ పోవడం కాదు. ఎండలు ముదిరినాక అందరం ఒకేసారి ఎక్కుదాం. వాళ్ళు మనల్ని లేకుండా చేసేలోపు మనమే చేసేద్దాం" అన్నాడు. పైన సుక్రు కూడా అదే నెలలో, తన మనుషులకి, దాదాపు అవే మాటలు చెప్పాడు. అది మనకి తర్వాత తెలిసింది.

పోలమ్మ ఈసారి వెనక కూర్చోలేదు. ముందుకి వచ్చి నిలబడింది.

"మావా, నాకు మూడు రోజులియ్యి."

"ఏం చేస్తావు?"

"ఎక్కి అడుగుతాను."

"ఏటని?"

"పొగ కిందికెందుకు తెచ్చినారని. ఉప్పెందుకు వదిలేసినారని."

"నీకు వాళ్ళ మాట రాదు గదా."

"రాదు. నా మాటలోనే అడుగుతాను. ఇనపడేలా అడుగుతాను."

"చంపేస్తారు పోలమ్మా."

"నాను పోతే ఊరికేటి నష్టం మావా. అందుకే గదా ఇన్నేళ్ళూ నన్నే పంపినారు."

దాలయ్య తల దించుకున్నాడు. కొడుకు పోయినప్పుడు కూడా నలుగురి ముందూ అలా దించుకోలేదు. "మూడు రోజులే" అన్నాడు.

మర్నాడు పోలమ్మ గంపకి ఉప్పు నింపింది. పొద్దు నడినెత్తికి వచ్చేదాకా ఆగింది. దొంగచాటుగా వస్తోందని ఎవరూ అనుకోకూడదని అలా ఆగింది. చెట్ల నీడలో నడవలేదు. దారి మధ్యలో, ఎండలో, అందరికీ కనిపించేలా నడిచింది. నడుస్తూ గొంతెత్తి పిలిచింది.

"నాను పోలమ్మని. కింద నుంచి వస్తన్నాను. ఉప్పు తెచ్చినాను."

మూడే మాటలు. బండ దాకా అంటూనే వెళ్ళింది. ఉప్పు పోసింది. ఈసారి వెళ్ళిపోలేదు. కూర్చుంది. పొద్దు వాలేదాకా కూర్చుంది. ఎవరూ రాలేదు. తిరిగి వచ్చేసింది.

పైన సుక్రు దగ్గర గొడవ గొడవగా ఉంది. "అది మంత్రం చదువుతోంది" అన్నాడు ఒకడు. "కాదు, మన మనుషుల్ని లెక్కపెడుతోంది" అన్నాడు ఇంకొకడు. "వెనక ఎవరినో దాచి మనల్ని బయటికి పిలుస్తోంది" అన్నాడు మూడోవాడు.

గుడిసె గుమ్మంలో కర్ర పట్టుకుని నిలబడిన బుద్రి అంది. "ఆ గొంతు నాకు తెలుసు."

అందరూ తిరిగి చూశారు.

"ఎలా తెలుసు?" అన్నాడు సుక్రు.

"పొదల్లో కూర్చుని విన్నాను. ఏళ్ళ తరబడి విన్నాను. ఆమె బండతో మాట్లాడుకునేది."

"కట్టుబాటు తప్పావా?"

"తప్పాను అన్నా."

"అంత దగ్గరున్నదానివి బయటికెందుకు రాలేదు?"

బుద్రి కర్ర మీదికి ఒరిగింది. "నన్ను చూసి భయపడి ఇంక రాదేమోనని" అంది. "గొంతైనా దక్కుతుంది కదా అని."

"ఇప్పుడేమంటోంది?"

"తెలీదు. కానీ చివర అనే మాట మనం తెచ్చుకునే తెల్లదాని పేరు అయి ఉంటుంది."

"అయి ఉంటుంది అంటే చాలదు బుద్రీ" అన్నాడు సుక్రు. దాలయ్య అన్నట్టే అన్నాడు. ఇద్దరూ ఎప్పుడూ ఒకరినొకరు చూసుకోలేదు సుమా.

రెండో రోజు పోలమ్మ బండ దాటి వాగు దాకా వెళ్ళింది. ఎండలో వెళ్ళింది. పిలుస్తూ వెళ్ళింది. "నాను పోలమ్మని. కింద నుంచి వస్తన్నాను. ఉప్పు తెచ్చినాను." చెట్ల వెనక విల్లులు ఆవిడతో పాటు కదిలాయి. బాణం ఎవరూ వదల్లేదు. మాటా ఎవరూ వదల్లేదు. తిరిగి వచ్చేసింది.

మూడో రోజు వాగు దాటింది. నడినెత్తి ఎండలో కొండ ఊరి దడి దాకా వెళ్ళింది. గొంతు రాసుకుపోయింది. అయినా పిలిచింది. "నాను పోలమ్మని. కింద నుంచి వస్తన్నాను. ఉప్పు తెచ్చినాను." దడి వెనక కళ్ళు కనిపించాయి. ఇరవై మూడేళ్ళలో మొదటిసారి ఆవిడకి పైవాళ్ళ కళ్ళు కనిపించాయి. అవి తమ ఊళ్ళో కళ్ళలాగే ఉన్నాయి. భయపడుతున్నాయి. ఆవిడకి నవ్వొచ్చింది. ఉప్పంటే ఏమిటో చూపిద్దామని గంప దించి అందులో చెయ్యి పెట్టింది.

దడి దగ్గర కాపలా కాస్తున్నవాడికి గంపలోకి వెళ్ళిన చెయ్యి కనిపించింది. గంపలో ఏముందో కనిపించలేదు. బాణం వదిలాడు.

పోలమ్మ కూలబడింది. గుప్పిట్లో ఉప్పు నేల మీద చిమ్మింది.

సుక్రు పరుగెత్తుకొచ్చి గంప బోర్లించాడు. ఉప్పు తప్ప ఇంకేమీ లేదు. అడుగున ఆకులో చుట్టిన ఎండుచేప ముక్క ఉంది. చుట్టూ ఉన్నవాళ్ళు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. బాణం వేసినవాడు విల్లు కింద పెట్టేసి అక్కడే చతికిలబడ్డాడు.

బుద్రి కర్ర ఊతంతో, విరిగి వంకరగా అతుక్కున్న కాలు ఈడ్చుకుంటూ అప్పుడొచ్చింది. పొద్దున్నే తనని దడి దాకా మోసుకెళ్ళమంటే ఎవరూ కదల్లేదు. ఒక్కతే వచ్చింది. పోలమ్మ తల ఒళ్ళో పెట్టుకుంది.

పోలమ్మ కళ్ళు తెరిచి ఆ మొహంకేసి చూసింది. తన వయసు మొహమే. తన మొహంలాగే ఎండకి నల్లబడ్డ మొహం.

"నువ్వేనేటే?" అంది.

బుద్రికి ఆ మాట అర్థం కాలేదు. తనకి తెలిసిన మాట ఒకటుంది. మూడు రోజులుగా కొండ అంతా వినపడ్డ మొదటి మాట. అదే అంది. "పోలమ్మ."

పోలమ్మ చెయ్యెత్తి బుద్రి గుండె మీద వేలు పెట్టింది. నీ పేరేమిటి అన్నట్టు.

"బుద్రి."

"బుద్రి" అంది పోలమ్మ.

అన్నేళ్ళకి ఇద్దరికీ రెండు మాటలు దొరికాయి. ఆ రెండూ పేర్లే. పోలమ్మ వాటిని నోట్లో పెట్టుకున్నట్టు ఇంకోసారి మెల్లిగా అంది. ఆ తర్వాత ఇంకేమీ అనలేదు.

ఊఁ అనండి. ఊఁ అనకపోతే నేను చెప్పలేను.

బుద్రి ఏడవలేదు. "ఈమెని ఇంటికి చేర్చాలి" అంది.

"కిందికా? చంపేస్తారు" అన్నారు.

"ఆమెని మనం చంపాం. చంపుతారని తెలిసీ ఆమె వచ్చింది కదా. నేనూ అలాగే వెళ్తాను."

సుక్రు వెదురు నరికి డోలీ కట్టాడు. ముందు కొమ్ము తన భుజానికే ఎత్తుకున్నాడు. విల్లులన్నీ దడి దగ్గర వదిలేశారు. బుద్రి ముందు నడిచింది. కుంటుకుంటూ, దారి మధ్యలో, ఎండలో నడిచింది. నడుస్తూ తన భాషలో గొంతెత్తి పిలిచింది. నేను బుద్రిని. పైనుంచి వస్తున్నాను. పోలమ్మని తెచ్చాను.

గోడ మీద నుంచి ఒడ్డువాళ్ళు చూశారు. ఈటెలు లేచాయి. వస్తున్న మనిషి అరుస్తున్నది వాళ్ళకేమీ అర్థం కాలేదు. కానీ ఆ అర్థంకాని మాటల మధ్యలో ఒక మాట మళ్ళీ మళ్ళీ వినపడింది. పోలమ్మ. పోలమ్మ. పోలమ్మ.

"ఆగండి" అన్నాడు దాలయ్య.

"చంపి తెస్తన్నారు మావా. డోలీలో చూడు" అన్నారు మనుషులు.

"కనపడతంది." దాలయ్య డోలీకేసే చూస్తున్నాడు. "చంపినోళ్ళు మోసుకుని ఎందుకొస్తన్నారు? ఒట్టి చేతుల్తో ఎందుకొస్తన్నారు? నాకు తెలీదు. తెలీనప్పుడు ఏం చెయ్యాలో పోలమ్మ చేసి చూపించింది." ఈటె కింద పెట్టి, గోడ దిగి, ఒక్కడే ఎదురెళ్ళాడు.

మూడు రోజులు పట్టింది. ఒకరి భాష ఒకరికి రాదు కదా. ఇసకలో గీతలు గీసుకున్నారు. చేతులతో చూపించుకున్నారు. మొదటి రోజు సుక్రు ఆ తాటిదుంగల గోడ అవతలికి నడిచాడు. అప్పుడొక పెద్ద అల వచ్చి గోడని కొట్టి వెనక్కి వెళ్ళింది. ఇంకోటి వచ్చి కొట్టింది. సుక్రు గోడ మీద చెయ్యి వేశాడు. అది తమకేసి కట్టిన గోడ కాదు. సముద్రంకేసి కట్టినది. ఆయన తడి ఇసకలో కూర్చుని తల్లిని తలచుకుని ఏడ్చాడు.

రెండో రోజు దాలయ్య కొండ ఎక్కాడు. కాలిన మోడుల మధ్య బూడిదలో వేలెడంత చోడి మొక్కలు మొలిచి ఉన్నాయి. తను గోడ మీద నుంచి చూసి దండు దారి అనుకున్నది అదే. దాలయ్య ఒక మొక్కని ముట్టుకున్నాడు, పీకలేదు. ఆయన కొడుకు పడిపోయిన చోటు అక్కడికి ఎంతో దూరం లేదు.

మూడో రోజు బుద్రి తన విరిగిన కాలు చూపించింది. తేనెటీగలు ఎలా ముసురుతాయో చేతులతో చూపించింది. కొండరాయి చూపించింది. జారినట్టు చూపించింది. ఉప్పు ఎందుకు ఉండిపోయిందో ఒడ్డువాళ్ళకి అప్పుడు తెలిసింది. ఆడవాళ్ళు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు.

క్షమించమని ఎవరూ ఎవరినీ అడగలేదు. ఆ మాట అవతలి భాషలో ఎలా అనాలో ఇద్దరికీ తెలీదు. అందరి మనసులూ కుదుటపడలేదు కూడా. గొడ్డలితో వెళ్ళి తిరిగిరాని వాళ్ళలో ఒకడి తల్లి, బతికినన్నాళ్ళూ కొండ పసుపు ఇంట్లోకి రానివ్వలేదు. ఆవిడని ఎవరూ తప్పు పట్టలేదు.

పోలమ్మని మూగబండ పక్కనే పాతిపెట్టారు. పోతే ఏడ్చేవాళ్ళు లేరనుకున్న మనిషికి రెండు జాతులు ఏడ్చాయి.

బుద్రి మళ్ళీ పైకి వెళ్ళలేదు. బండ దగ్గరే ఆకుల పాక వేసుకుంది. ఉప్పు తెచ్చే ఒడ్డు ఆడవాళ్ళ దగ్గర కూర్చుని ఒక్కొక్క మాటా నేర్చుకుంది. నీళ్ళు, నిప్పు, చేప, ఎండ. ఎందుకంత పట్టుదల అని వాళ్ళు నవ్వేవాళ్ళు. ఒక ఏడాది గడిచాక ఒకావిడని దగ్గర కూర్చోబెట్టుకుని అడిగింది.

"ఆమె బండ దగ్గర నుంచి లేచి వెళ్ళేటప్పుడు ప్రతిసారీ ఒకటే మాట అనేది. పొదల్లోంచి వినేదాన్ని. అర్థం తెలీకపోయినా మరిచిపోకుండా దాచుకున్నాను. అదేమిటో చెబుతావా?"

"ఏ మాట?"

బుద్రి నోరు తిరగక తిరగక అంది. "ఎళ్ళొస్తానే."

ఆ ఒడ్డు మనిషి బుద్రి చెయ్యి పట్టుకుంది. "మేం ఎవులమైనా పోయేటప్పుడు పోతన్నానని అనం. ఎళ్ళొస్తానంటాం. ఎళ్ళి, మళ్ళీ వస్తానని."

"చివర్లో 'నే' అని సాగదీసేది, అదేమిటి?"

"అదా. బాగా దగ్గరైన ఆడమనిషితోనే అలా అంటాం. అప్పచెల్లెళ్ళతో. నేస్తంతో."

పొదల్లో ఒక ఆడమనిషి ఉందని పోలమ్మకి తెలుసో, ఊరికే అలా అనుకునేదో, అది ఎవరూ చెప్పలేరు. బుద్రి ఆ మాట విని లేచి, దారి కనిపించేలా బండ మీద కూర్చుంది. ఆవిడ ఉన్నన్నాళ్ళూ మధ్యాహ్నం వేళకి అక్కడ అలాగే, కింద దారికేసి చూస్తూ కూర్చునేదట. తర్వాత ఆవిడనీ పోలమ్మ పక్కనే పెట్టారు.

ఆ బండని ఇప్పుడు ఎవరూ మూగబండ అనరు. పోలమ్మబండ అంటారు. అక్కడ సరుకు పెట్టినవాళ్ళు అవతలివాళ్ళు వచ్చేదాకా కూర్చుంటారు. రాగానే ముందు పేర్లు చెప్పుకుంటారు, తర్వాతే బేరం. ఆ వైపు కొత్త ఊళ్ళోకి ఎవరు వెళ్ళినా చెట్టు చాటున నిలబడరు. ఎండలో నిలబడి మూడు మాటలు చెబుతారు. నేను ఫలానా, ఫలానా చోటు నుంచి వస్తున్నాను, ఫలానా పని మీద వచ్చాను. ఇవి పోలమ్మ మాటలు అంటారు.

ఇంకొకటి కూడా ఉంది. ఆ ఊళ్ళల్లో ఎవరైనా, అత్త నన్ను చూసి మొహం తిప్పుకుందనో, పక్కింటివాడు మన గట్టు జరపాలని చూస్తున్నాడనో, తమ్ముడు మాట్లాడ్డం మానేశాడంటే మనసులో ఏదో పెట్టుకున్నాడనో అంటే, పెద్దవాళ్ళు అవునూ అనరు, కాదూ అనరు. చేతిలో పని ఆపి ఒకటే అడుగుతారు.

"ఎక్కి అడిగావా?"